గుండె ఆగిన క్షణము

గుండె జారినదనియు, గుండె ఝల్లుమన్నదనియు మనము దినమునకు పదిమారులు పలుకుదుము. నిజముగా గుండె ఆగినవాని ప్రక్కన నిలిచినప్పుడు మాత్రము మనకేమియు తోచదు.

కొన్ని యేండ్ల క్రిందట, నల్లగొండ ప్రాంతమున మేము చదివిన ఉన్నత పాఠశాలలో పూర్వ విద్యార్థులమందరము కలిసికొంటిమి. భోజనములవేళ మా తోడివాడొకడు వేపచెట్టు క్రింద మాటలాడుచునే ఒరిగిపోయెను. ఒకరు మొగమున నీళ్లు చల్లిరి. ఒకరు చేతిలో తాళపుచెవులు పెట్టిరి. రొమ్ము నడుమ అరచేతులుంచి అదమవలెనని మాలో ఒక్కరికిని తెలియదు. 108 వాహనము వచ్చినది. అది ఆలసింపలేదు, దారియే దూరము. అతడు మాకు దక్కలేదు.

ఈ యేడు మరల కలిసినప్పుడు, పాఠశాలకేమి సమర్పింతమను ప్రశ్న పుట్టెను. సరస్వతీదేవి విగ్రహమని కొందరు, ప్రవేశద్వారమని కొందరు. ఒకడు లేచి, గుండెను తిరిగి నడిపించు ఏఈడీ యంత్రమును కొందమనెను. సభ నిశ్శబ్దమయ్యెను. మాకు లెక్కలు చెప్పిన వృద్ధోపాధ్యాయుడు తల అడ్డముగా ఊపి, “ఫ్లోరైడు మిషన్లు ఏమైనయో మరిచినారా నాయినా? తాళమేసిన బీరువల ఇదిగూడ పడుంటది” అనెను.

ఆ మాట తీసివేయదగినది కాదు. మొదట యంత్రము సంగతి చూతము. హఠాత్తుగా గుండె ఆగుట యనగా, పెక్కు సందర్భములలో, అది కొట్టుకొనుట మాని అదుపు తప్పి వణకుట. ఒక్క విద్యుద్ఘాతము ఆ వణకును ఆపినచో గుండె తన లయను తాను తిరిగి అందుకొనగలదు. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు ఇట్లు తొలుదొల్త బ్రతికించినది ఒక 14 ఏండ్ల బాలుని. 1965లో బెల్‌ఫాస్టున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ వైద్యుడు అంబులెన్సులో ఎక్కించిన యంత్రము సుమారు 70 కిలోల బరువు. నేటిది రెండుమూడు కిలోలు. ప్యాడ్లు రెండు రొమ్మునకు అంటించినచో, గుండె నడకను తానే పరీక్షించి, అవసరమున్నప్పుడే ఘాతమునకు అనుమతించును. ఏమి చేయవలెనో నోటితో చెప్పును. 2011లో లివర్‌పూలున ఒక 12 ఏండ్ల బాలుడు ఈతకొలనులో మరణింపగా, తలిదండ్రులు పోరాడిరి. 2022లో ఇంగ్లండు ప్రభుత్వము సర్కారు బడులన్నిటికి ఈ యంత్రము నిత్తుమని ప్రకటించినది.

మన మెట్టసీమలో దీని అవసరము లెక్కకు అందునదే. రొమ్ము అదుము వారు లేనప్పుడు, గడచిన ప్రతి నిమిషమునకు బ్రతుకు ఆశ నూటికి ఏడు మొదలు పది పాళ్లు తరుగునని వైద్యులందురు. మహబూబునగరున 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ఆనందమే. కాని దేవరకొండ తండాకు, అమ్రాబాదు గుట్టలమీది పెంటకు పది నిమిషములలో ఏ ఆసుపత్రియు నడిచిరాదు.

ఇక మాస్టారి మాట. ఈ జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్యాసము వెలువడినది. పటికతో, సున్నముతో నీటిని శుద్ధిచేయు పద్ధతికి నాగపురపు శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ విధానము’ అని పేరు పెట్టిరి. ఆ పేరు ఆఫ్రికా దాక పోయినది. ఇక్కడ మాత్రము, పటిక కొలిచి కలుపువాడు లేక, వడపోత మార్చువాడు లేక పెక్కుచోట్ల శుద్ధియంత్రములు మూలబడినవి. లోపము శాస్త్రమున లేదు. ప్రారంభోత్సవమునకు చందా యిచ్చి, మరునాటికి ఇయ్యని మన అలవాటున ఉన్నది.

కావున చందా వసూలు చేయువారు మూడు విషయములు తలపోయవలెను. యంత్రము వెల సుమారు లక్ష రూపాయలు. ప్యాడ్లకు, బ్యాటరీకి గడువు కలదు. వానిని మార్చుటకై వసూలైన నూరు రూపాయలలో ఇరువదియైనను బ్యాంకులో వేరుగా ఉంచవలెను. యంత్రము తాళములేని పెట్టెలో వరండాలో ఉండవలెను. నెలకొకమారు దాని దీపము చూచి పుస్తకమున వ్రాయువాడొకడు ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యము, పై తరగతుల పిల్లలకు, ఉపాధ్యాయులకు, మధ్యాహ్న భోజనము వండు తల్లులకు ఏటేట రొమ్ము అదుము విద్య నేర్పవలెను. నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, పెద్దవారికి రెండంగుళముల లోతున. తెలంగాణ ప్రభుత్వము ఈ శిక్షణను 2023 మార్చిలో ప్రారంభించినది. యంత్రము రానంతకాలమును ఈ విద్య అక్కరకు వచ్చును. దీనికి చందా అక్కరలేదు.

ఆ దినము ఇవన్నియు కాగితముమీద పెట్టి చదివితిమి. మాస్టారు కండ్లద్దములు తుడుచుకొని, జేబునుండి 500 రూపాయల నోటు తీసి బల్లమీద పెట్టిరి.

“ఇది మిషనుకు గాదు. దాని బ్యాటరీకి రాసుకోండ్రి” అనిరి.

మా చందా పుస్తకమున మొదటి పద్దు అదియే.