ఇంట్లో చేసిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్.. చిప్ కంటే ముందు మార్చాల్సింది ఇవే!

హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్‌ను సొంతంగా తయారు చేసుకునేవారిలో చాలామంది మొదట కట్టేది సీమోయ్ సర్క్యూట్. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఆప్-ఆంప్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు.. అంతే. అది పనిచేయగానే చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఖరీదైన చిప్ మీదకే పోతుంది. కానీ తేడా ముందుగా తెలిసేది వేరే చోట.

ఇందులో సాధారణంగా వాడే 10 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్ల జోడీ సిగ్నల్‌ను 11 రెట్లు పెంచుతుంది. ఇయర్‌ఫోన్లకు ఇది మరీ ఎక్కువ. వాల్యూమ్ కాస్త తిప్పగానే చెవులు అదిరిపోతాయి, వెనక బుస్‌మనే శబ్దమూ వినిపిస్తుంది. రెండు ఛానళ్లలోనూ 10 కిలో ఓమ్ తీసేసి 3.3 పెడితే పెంపు 4.3 రెట్లకు దిగుతుంది. ఖర్చు రెండు రెసిస్టర్లే! ఆ తర్వాత వాల్యూమ్ పాట్. చౌకరకం పాట్‌తో తక్కువ సౌండ్‌లో ఒక చెవికే ఎక్కువ వినిపిస్తుంటుంది. ఎంత మంచి చిప్ పెట్టినా అది పోదు.

ఇక చిప్ విషయానికొస్తే.. పేరున్న ఎన్‌ఈ5532కు ప్లస్, మైనస్ 5 వోల్టుల చొప్పున కావాలి. 9 వోల్టుల బ్యాటరీని రెండుగా పంచితే వచ్చేది 4.5 మాత్రమే. ఓపీఏ2134 అయితే 2.5 వోల్టులకూ పనిచేస్తుంది. నకిలీలున్నాయి కాబట్టి మరీ చవగ్గా దొరికితే అనుమానించాల్సిందే. 8 పిన్నుల సాకెట్‌ను ముందే సోల్డర్ చేసుకుంటే, చిప్ మార్చినప్పుడల్లా బోర్డును వేడి చేయాల్సిన పని ఉండదు.