హన్నా కుట్టిన చిన్న అంగీ

షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీ దగ్గర తన బిడ్డను వదిలి వెళ్లిన హన్నా వాణ్ణి మరచిపోలేదు. ఏటేటా భర్త ఎల్కానాతో కలిసి బలి అర్పించడానికి వచ్చినప్పుడు బాలుడైన సమూయేలు కోసం ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది (1 సమూ 2:19). కిందటేటి అంగీ ఈ ఏడు పట్టదు. పిల్లవాడు ఎంత ఎదిగి ఉంటాడో, చేతులు ఎంత పొడవు పెట్టాలో ఆ తల్లి ప్రతి ఏడూ లెక్క వేసుకునే ఉంటుంది. 'దేవునికి అప్పగించేశాం, ఇక యాజకుడే చూసుకుంటాడు' అని ఆమె చేతులు దులుపుకోలేదు.

జూన్‌లో బడులు తెరిచే వేళకు మనమూ పిల్లలకు యూనిఫాం కొలతలు తీయిస్తాం, బూట్ల సైజు చూస్తాం. ఫీజు కట్టి, పుస్తకాలకు అట్టలు వేసి, బిడ్డకు జ్ఞానమివ్వమని ప్రార్థిస్తాం. మంచిదే! కాని వాడి చదువు ఎంత ఎదిగిందో కొలత తీసిన తల్లిదండ్రులు మనలో ఎందరు?

మా సండే స్కూల్లో నాలుగో తరగతి బాలుడొకడు వరుసగా రెండేళ్లు కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. నేనే వాడికి బైబిల్ బహుమానంగా ఇచ్చాను. ఒక ఆదివారం ఆ బైబిలే తెరిచి పాఠభాగం చదవమంటే వాడు తలవంచుకుని నిలబడిపోయాడు. వాడికి చదవడం రాదు! అక్క చదువుతుంటే విని కంఠతా పట్టేవాడట. 'రోజూ పుస్తకం ముందు కూర్చుంటాడు కదా అయ్యగారూ, చదువుతున్నాడనే అనుకున్నాం' అంది వాళ్లమ్మ కన్నీళ్లతో. ఆమెను ఏమనగలను? రెండేళ్లు సంఘమంతటితో చప్పట్లు కొట్టించిన నాకే తెలియలేదు.

ప్రాథమిక విద్యలో మూడో తరగతి ఒక పెద్ద మలుపు. అప్పటిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, ఆ తరువాత చదివి నేర్చుకుంటారు. అందుకే 2020 నాటి జాతీయ విద్యా విధానం, 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుని చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యం పెట్టుకున్నాయి. మార్కుల కార్డు చూస్తే ఇది తెలియదు. బిడ్డ మునుపు చూడని పుస్తకంలోంచి ఒక పేజీ చదివించండి. ఏమర్థమైందో మాట్లాడించండి. మీకు చదువు రాకపోయినా, పక్కన కూర్చుని 'ఆ కథేంటి నాన్నా?' అని అడగడం వస్తుంది కదా!

బిడ్డ వెనకబడి ఉంటే సోమరి అని ముద్ర వేయకండి. బోర్డు మీది అక్షరాలు సరిగా కనబడకపోవచ్చు, చెప్పేది సరిగా వినబడకపోవచ్చు. ఎంత తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని డిస్లెక్సియా వంటి ఇబ్బందినీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అనుమానముంటే డాక్టరుకు చూపించండి. టీచరు పిలిచేదాకా ఆగకుండా మీరే వెళ్లి కలవండి. వెళ్లినప్పుడు 'కళ్లు రెండూ వదిలి ఎక్కడైనా కొట్టండి సార్' అని మాత్రం చెప్పకండి. బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, పిల్లలకు కోపం రేపవద్దని అపొస్తలుడైన పౌలు తండ్రులను హెచ్చరించాడు (ఎఫెసీ 6:4).

ఒక రాత్రి బాలుడైన సమూయేలు దేవుని స్వరాన్ని ఏలీ పిలుపనుకుని మూడుసార్లు పరుగెత్తుకు వచ్చాడు. 'నిద్ర చెడగొడుతున్నావు' అని ఏలీ కసురుకోలేదు. చూపు మందగించిన ఆ ముసలివాడు మూడోసారికి పిల్లవాడికి ఏమవుతున్నదో గ్రహించాడు, ఏం చేయాలో నేర్పించాడు (1 సమూ 3). ఆ ఓపికే లేకపోతే సమూయేలు ప్రవక్త అయ్యే మొదటి మెట్టు దగ్గరే తడబడేవాడేమో!

మా బాలుడికి ఇప్పుడు ఆరాధన ముగిశాక అరగంట అక్షరాలు నేర్పుతున్నాం. వాళ్లమ్మ కూడా పక్కనే కూర్చుంటుంది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఇంకా తడబడుతూనే చదువుతాడు. అయినా ఇప్పుడు వాడు చదివేది జ్ఞాపకంలోంచి కాదు, పుస్తకంలోంచి! బిడ్డను ప్రభువు చేతికి అప్పగించడమంటే వాడి మీద నుంచి మన చూపు తిప్పుకోవడం కాదు. ప్రార్థించి పొందిన బిడ్డకు ఏటేటా కొత్త కొలత తీయాలని హన్నాకు తెలుసు. మనకు తెలుసా?