గండికోట నీరు కొండ ఎక్కితే?

పిల్లలూ, ఎండతో పుట్టిన కరెంటును రాత్రికి దాచటం ఎట్లా? పగలు ఆ కరెంటుతో నీటిని కొండ మీది చెరువుకు ఎక్కిస్తారు. చీకటి పడ్డాక కిందికి వదిలి యంత్రాలు తిప్పుతారు. అయిదు యూనిట్లు ఖర్చయితే సుమారు నాలుగు తిరిగి వస్తాయి.

కడప జిల్లాలో, పెన్నమీది గండికోట జలాశయం వద్ద యిటువంటి 1000 మెగావాట్ల పథకానికి 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. అనుమతులు త్వరగా అందాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు వెలువరించింది. బొగ్గు వాడకం తగ్గితే మంచిదే. కాని మన సీమలో నీరు బంగారం. ఎండకు ఆవిరయ్యేదెంత? పొలాలకు మిగిలేదెంత? పెద్ద పథకాలకు ముందు ఊరివారి అభిప్రాయం అడగాలని 2006 నాటి పర్యావరణ నిబంధనలు చెప్పాయి. కాగితాలు ఎంత త్వరగా కదిలినా, యీ లెక్క ముందుగా ఊరివారికి చెప్పాలి.