సముద్రం కన్నా పల్లపు వార్డులో ఏడు లక్షల మంది

టోక్యోలో ఎక్కువమంది భారతీయులు ఉండేది ఎక్కడంటే నిషి కసాయ్ అంటారు. అక్కడ ఇడ్లీ పిండీ దొరుకుతుంది, కందిపప్పూ దొరుకుతుంది. ఆ పేట ఉన్న ఎడోగావా వార్డులో దాదాపు మూడొంతుల నేల పోటు నీటిమట్టం కన్నా కిందే ఉంది. నదిని తవ్వి, సముద్రాన్ని పూడ్చి, కట్టల వెనక నిలబెట్టిన ఊరి కథ ఇది.

టోక్యో మహానగరంలో 23 ప్రత్యేక వార్డులున్నాయి. పేరుకే వార్డులు. ఒక్కోదానికీ ఎన్నికైన మేయరు, సభ, సొంత బడ్జెట్ ఉంటాయి. వాటిలో తూర్పు కొసన ఉన్నది ఎడోగావా. దీనికి తూర్పున ఎడో నది, ఆ నది దాటితే చిబా రాష్ట్రం. పడమర చాలావరకు అరాకావా నది, దక్షిణాన టోక్యో అఖాతం. దాదాపు 50 చదరపు కిలోమీటర్ల ఈ నేల మీద సుమారు 7 లక్షల మంది బతుకుతున్నారు. పోటు వచ్చినప్పుడు వార్డులో 70 శాతం నేల సముద్రం కన్నా పల్లంలో ఉంటుంది. కట్టలు, తూములు, పంపులు లేకపోతే ఇక్కడ ఊరే ఉండదు.

ఇలాంటి చోటుకు ఇంతమంది ఎందుకు చేరారు? నీటి భయం వల్లే ఈ నేల చాలాకాలం పొలంగా మిగిలిపోయింది. పొలంగా మిగిలినందుకే నగరం పెరుగుతున్నప్పుడు ఇక్కడ ఇళ్లకు చోటు దొరికింది.

తవ్వి తెచ్చిన నది

అరాకావాను పైనుంచి చూస్తే అనాదిగా అలాగే పారుతోందనిపిస్తుంది. నిజానికి దాని దిగువ భాగం మనుషులు తవ్వింది. 1910 ఆగస్టులో వచ్చిన పెనువరదకు టోక్యో తూర్పు పేటలు మునిగిపోయాయి. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం వరద కాలువ పని మొదలుపెట్టింది. పొడవు 22 కిలోమీటర్లు, వెడల్పు అర కిలోమీటరు. దారిలో ఉన్న సుమారు 1,300 కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాల్సి వచ్చింది. పనిని ముందుండి నడిపించిన ఇంజినీర్లలో అకిరా అవొయామా ఒకరు. పనామా కాలువ నిర్మాణంలో పనిచేసి వచ్చిన ఏకైక జపానీ ఇంజినీరు ఆయన. 1924లో కాలువలోకి నీళ్లు వదిలారు. 1930కి మొత్తం పూర్తయింది.

కొత్త నది నగర కేంద్రాన్ని కాపాడింది కానీ ఎడోగావాను రెండు ముక్కలు చేసింది. హిరాయ్, కొమత్సుగావా పేటలు నదికి అవతలి ఒడ్డున మిగిలిపోయాయి. మూడు పట్టణాలు, నాలుగు పల్లెలు కలిపి 1932లో వార్డును ఏర్పాటు చేసినప్పుడు ఆ రెండు ఒడ్లూ ఒకే పాలన కిందికి వచ్చాయి. దక్షిణాన కసాయ్ అప్పటికి వరి మళ్లు, తామర మడుగులు, బెస్త పల్లెలతో ఉండేది. సముద్రంలో నోరి నాచు పెంచేవారు.

నల్లనీళ్లు, కుంగిన నేల

యుద్ధానంతరం ఫ్యాక్టరీలు నది ఒడ్డులకు వచ్చాయి. 1958 వసంతంలో వార్డులోని ఓ కాగితపు మిల్లు ఎడో నదిలోకి నల్లని వ్యర్థజలాలు వదలడంతో చేపలు, ఆల్చిప్పలు చచ్చి తేలాయి. అవతలి ఒడ్డున ఉరయాసు జాలర్లు మొరపెట్టుకుని విసిగిపోయారు. జూన్ 10న వందల మంది మిల్లులోకి దూసుకెళ్లి పోలీసులతో తలపడ్డారు. ఆ గొడవ దేశాన్ని కుదిపేసింది. అదే ఏడాది డిసెంబరులో నీటి నాణ్యతను కాపాడేందుకు, ఫ్యాక్టరీల వ్యర్థజలాలను అదుపు చేసేందుకు రెండు చట్టాలు వచ్చాయి. జపాన్‌లో నీటి కాలుష్యంపై జాతీయ స్థాయిలో వచ్చిన తొలి చట్టాలవే.

చట్టాలు వచ్చినా బెస్తవాళ్ల బతుకు నిలబడలేదు. 1960ల తొలినాళ్లలో పరిహారం తీసుకుని కసాయ్ జాలర్లు చేపలవేట హక్కులు వదులుకున్నారు.

నేల కింద మరో నష్టం జరిగిపోయింది. ఫ్యాక్టరీల కోసం భూగర్భజలం తోడారు. ఆ నీటిలో కరిగి ఉన్న సహజవాయువు కోసమూ తోడారు. అడుగున నీళ్లు పోయేకొద్దీ బంకమన్ను పొరలు అణిగిపోయి నేల కుంగింది. 1960ల చివర్లో నిషి కసాయ్ ప్రాంతం ఒకే ఏడాదిలో 20 సెంటీమీటర్లకు పైగా దిగిపోయింది. ఒడ్డున ఉన్న పట్టా భూములు సముద్రంలో కలిసిపోయాయి. రికార్డుల్లో భూమి ఉంది, వెళ్లి చూస్తే అలలున్నాయి. చివరికి 1972లో టోక్యో ప్రభుత్వం వాయువు తవ్వకం హక్కుల్ని కొనేసి పంపుల్ని ఆపించింది. కుంగడమైతే ఆగింది కానీ దిగిపోయిన నేల తిరిగి పైకి రాలేదు.

మునిగిన పట్టాలకు కొత్త నేల

అదే 1972లో కసాయ్ తీరంలో పూడిక మొదలైంది. మునిగిన భూములతో సహా తీరాన్ని మెరక చేసి, కొత్త నేలలో యజమానులకు వాటా ఇచ్చి, మిగతాది పార్కులకు, రోడ్లకు, ఇళ్లకు కేటాయించారు. సెయిషిన్‌చో, రింకాయ్‌చో అలా పుట్టిన పేటలే. 1984లో కసాయ్ కూరగాయల, పూల టోకు మార్కెట్ తెరిచారు. 1989లో తీరాన పెద్ద పార్కు, ట్యూనా చేపలు గుంపులుగా తిరిగే అక్వేరియం వచ్చాయి. అక్కడ మనుషులు కట్టిన ఇసుక తిన్నెల మీద వలస పక్షులు వాలడం మొదలుపెట్టాయి. 2018లో ఆ తీరం రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది.

వార్డు లోపల మురికికాలువల్ని ఏం చేయాలన్న ప్రశ్నకు మరో జవాబు దొరికింది. గ్యోటోకు అనే ఊరి ఉప్పు పడవలు ఒకప్పుడు తిరిగిన ఫురుకావా కాలువ మురుగుపట్టి కంపు కొట్టేది. పూడ్చి రోడ్డు వేయకుండా శుభ్రమైన నీళ్లు పారించి, పిల్లలు దిగి ఆడుకునేలా 1973లో పార్కుగా మార్చారు. దేశంలో ఈ తరహా వాగు పార్కుల్లో మొదటిది ఇదే.

ఆకుకూర, బంగారు చేప, గాజు గంట

అపార్ట్‌మెంట్ల మధ్య ఇప్పటికీ ప్లాస్టిక్ పందిళ్లు కనిపిస్తాయి. వాటి కింద పెరిగేది కొమత్సునా అనే ఆకుకూర. పేరు కొమత్సుగావా నుంచే వచ్చింది. వేటకు వచ్చిన ఎనిమిదో షోగున్ (సైనిక పాలకుడు) యోషిమునే తిని మెచ్చి ఆ పేరు పెట్టాడని ఊళ్లో చెబుతారు. నగరం చుట్టుముట్టాక పొలం చిన్నదైంది. కానీ ఈ కూర విత్తిన కొద్ది వారాలకే కోతకొస్తుంది, ఏడాదిలో పలుసార్లు పండుతుంది, కొనేవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు. అందుకే చిన్న కమతంలోనూ గిట్టుబాటవుతోంది.

బంగారు చేపల పెంపకమూ ఇలాగే వచ్చింది. నగరం పెరిగి చెరువులు పోతుంటే పడమటి వార్డుల పెంపకందారులు 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇటు కదిలారు. నీరు నిలిచే పల్లపు నేల వాళ్లకు కలిసొచ్చింది. ఒకప్పుడు దేశంలోని మూడు పెద్ద కేంద్రాల్లో ఎడోగావా ఒకటి. ఇప్పుడు చెరువుల్లో చాలావరకు ఇళ్లు లేచాయి. అయినా ఏటా వేసవిలో బంగారు చేపల సంబరం జరుగుతుంది.

గాలికి మోగే ఎడో గాజు గంటలు చేసే కార్ఖానా కూడా ఈ వార్డులోనే ఉంది. కరిగిన గాజును గొట్టంతో ఊది బుడగలా చేస్తారు. రంగుల బొమ్మల్ని బయట కాదు, లోపలి వైపు వేస్తారు, వానకూ గాలికీ చెరగకుండా. అంచును నున్నగా సానపట్టరు. గరుకుగా వదిలేస్తేనే లోపలి నాలుక రాసుకుని ఆ మోత వస్తుంది.

రైలు తెచ్చిన ఇంజినీర్లు

1969లో తోజాయ్ మెట్రో లైను కసాయ్ మీదుగా వేశారు. 1979లో నిషి కసాయ్ స్టేషన్ తెరిచారు. బ్యాంకులు, షేర్ల వ్యాపార సంస్థలు ఉండే కాయాబాచో, ఒతెమాచి ఇక్కడి నుంచి ఇరవై నిమిషాల లోపే. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ లెక్క తప్పుతాయన్న భయంతో జపాన్ సంస్థలు భారతీయ ఇంజినీర్లను పిలిపించాయి. పని ఆ ఆఫీసుల్లో, మరి ఇల్లు?

జపాన్‌లో ప్రైవేటు ఇల్లు అద్దెకు దొరకాలంటే సాధారణంగా హామీదారు ఉండాలి. తిరిగిరాని కానుకగా యజమానికి ఒకటి రెండు నెలల అద్దె ముందే ఇవ్వాల్సి రావడమూ మామూలే. విదేశీయులంటే వద్దనే యజమానులూ ఉన్నారు. యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ ఫ్లాట్లకు హామీదారూ అక్కర్లేదు, కానుకా అక్కర్లేదు. పొలాలు ఉన్న చోట, పూడ్చిన తీరాన ఆ సంస్థ కట్టిన పెద్ద పెద్ద సముదాయాలు నిషి కసాయ్ చుట్టూ సిద్ధంగా ఉన్నాయి. 1970ల చివర్లో కోల్‌కతా నుంచి వచ్చి టీ పొడి వ్యాపారం పెట్టుకున్న జగ్మోహన్ చంద్రాణి కొత్తగా వచ్చినవాళ్లకు ఇళ్లు చూపించారు, భోజనం ఏర్పాటు చేశారు, సంఘం పెట్టారు. తర్వాత భారతీయ పాఠశాల, సరుకుల కొట్లు, దీపావళి మేళా వచ్చాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి వెళ్లిన కుటుంబాలూ ఇక్కడ చేరాయి. 2019లో భారత్‌లో పుట్టి జపాన్ పౌరుడైన పురాణిక్ యోగేంద్ర వార్డు సభకు ఎన్నికయ్యారు. దేశంలో భారత మూలాలున్న తొలి ప్రజాప్రతినిధి ఆయనే.

దాచని పాలన

పురాణిక్ గెలిచిన మరుసటి నెలలో వార్డు ప్రతి ఇంటికీ వరద ముప్పు పుస్తకం పంచింది. అట్ట మీది పటంలో వార్డు నుంచి బయటికి బాణాలు, ఇక్కడ ఉండొద్దన్న హెచ్చరిక. కట్ట తెగితే కొన్నిచోట్ల 10 మీటర్ల దాకా నీళ్లొస్తాయనీ, వారం రెండు వారాలు దిగవనీ లోపల పటాలు చెబుతున్నాయి. సొంత ఊరిని ఇలా ప్రచారం చేసుకోవడమేంటని విమర్శలొచ్చాయి. ఆ అక్టోబరులో హగిబిస్ తుపాను వచ్చి వేలమంది శిబిరాలకు పరుగెత్తాక విమర్శల జోరు తగ్గింది.

చుట్టుపక్కల నాలుగు వార్డులతో కలిపి చూస్తే తరలించాల్సిన జనం 25 లక్షలు. అంతమందికి శిబిరాలు ఉండవు. బంధువుల, స్నేహితుల ఇళ్లకు ముందే వెళ్లిపోండన్నదే ప్రణాళిక. తరతరాలుగా ఉన్నవాళ్లకు పక్క రాష్ట్రంలో ఓ మేనమామ ఇల్లయినా ఉంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన కుటుంబానికి టోక్యోలో ఉన్న బంధువర్గమంతా అదే సముదాయంలో పక్క బ్లాకులో ఉంటుంది. అందరి ఇళ్ళూ ఒకే పల్లంలో ఉన్నాయి. హోటల్ ఖర్చులో కొంత భరిస్తామని వార్డు ముందుకొచ్చింది కానీ, ఎప్పుడు బయల్దేరాలి, ఎటు వెళ్లాలి అన్నది ఏ కుటుంబానికి ఆ కుటుంబమే వాన రాకముందు తేల్చుకోవాలి. చవకగా, సులువుగా ఇల్లు దొరికింది ఏ కారణం వల్లో, ఆ ఇంటిని వదిలి వెళ్లాల్సి వచ్చేదీ ఆ కారణం వల్లే. ఎడోగావాలో అద్దె ఒప్పందంతో పాటు ఆ పటాన్నీ చదివి సంతకం పెట్టడం మంచిది.