ఓవెన్ వేడికి బూజు విషం పోదు

నాగర్‌కర్నూల్ జిల్లా మొదలుకొని వనపర్తి, గద్వాల దాకా యాసంగి వేరుశనగ విస్తారంగా పండుతుంది. ఈ పంట చుట్టూ అల్లుకున్న అపోహల్లో అత్యంత ప్రమాదకరమైనది, బూజు పట్టిన పల్లీనైనా కన్వేయర్ ఓవెన్‌లో వేయిస్తే దోషమంతా పోతుందన్నది. ఈ నమ్మకంతోనే తడిసిన సరుకు మంచి సరుకులో కలిసి, పల్లిపట్టీల రూపంలో పిల్లల చేతికి చేరుతుంది.

కన్వేయర్ ఓవెన్‌లో గింజలు కదిలే జల్లెడ బెల్టు మీద పరచుకొని, వేడిగాలి వీచే అరలను వరుసగా దాటి, చివరి అరలో చల్లబడి బయటికి వస్తాయి. ఆ గాలి వేడి సాధారణంగా 160–180 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కాగా, గింజ లోపలి వేడి అంతకన్నా తక్కువే. ఆ వేడికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చస్తుంది గాని, అది అప్పటికే గింజలో వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం చావదు. ఎందుకంటే అది ప్రాణి కాదు, రసాయనం. దానిలో ముఖ్యమైన బి1 రకం పూర్తిగా విచ్ఛిన్నం కావాలంటే సుమారు 268 డిగ్రీల వేడి కావాలి. అంతకు చాలా ముందే పల్లీ మాడి బొగ్గవుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లను బలిగొన్నది నూనె తీసిన వేరుశనగ చెక్కలోని ఈ విషమే. కాలేయ క్యాన్సర్ కారకమైన దీనికి, తినడానికి సిద్ధమైన గింజల్లో భారత ఆహార ప్రమాణాలు విధించిన హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు మాత్రమే కాబట్టి, పిడికెడు బూజు గింజలు బస్తా మొత్తాన్ని ఆ హద్దు దాటించగలవు.

వేపుడు ఈ విషాన్ని కొంత తగ్గిస్తుందన్నది ఒప్పుకోక తప్పని మాటే. అయితే ఎంత తగ్గుతుందన్నది తేమ, వేడి, సమయాలను బట్టి మారుతుంది గనుక, ఆ తగ్గుదలను నమ్ముకొని చెడ్డ సరుకు కొనడం తగదు.

వేడి పెంచి బెల్టు వేగం పెంచినా ఫలితం ఒకటేనన్నది తప్పు; పైపొర మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఓవెన్ మీటరు చూపేది గింజ వేడి అనుకోవడమూ తప్పే; అది గాలి వేడి. బూజు గింజల చెక్కను పశువులకు వేస్తే హాని లేదనడం మరీ తప్పు. విషం రూపం మార్చుకొని పాలలోకి వస్తుంది.

రక్షణ ఓవెన్‌కు ముందే మొదలు కావాలి. పీకిన కాయను గింజలో తేమ 8 శాతానికి మించకుండా ఎండబెట్టాలి. కాయ కొట్టేటప్పుడు గింజ పగలకూడదని నీళ్లు చల్లే అలవాటు మానాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరేయాలి. లేత వేపుడుతో పొట్టు ఊడినప్పుడు మచ్చ పడిన గింజలు బయటపడతాయి కాబట్టి అక్కడ మరోసారి ఏరాలి. ఏరిన గింజలను గానుగకో పశువులకో పంపక, తిండి దారిలోంచే పూర్తిగా తొలగించాలి.