చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము

శాస్త్రజ్ఞులు ఒక సత్యమును కనుగొన్నంత మాత్రమున లోకమునకు మేలు కలుగదు. గ్రంథములలోని విజ్ఞానము రోగి పడక చెంతకు చేరవలెను. ఆ దారి ఎంత దీర్ఘమైనదో అతిసార చికిత్స చరిత్రవలన తెలియును.

కలరా సోకినవారి దేహమునుండి నీరును, లవణములును వెడలిపోవును. ఆ లోటు తీరనిచో కొన్ని గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. పూర్వము సూదిద్వారా రక్తనాళములలోనికి సెలైను ఎక్కించుటయే ప్రధాన చికిత్స. ఉప్పునీటిని మాత్రమే త్రాగించినచో ప్రేగులు దానిని చాలినంతగా గ్రహింపజాలవు. కాని అందు తగుపాళ్ళలో గ్లూకోజు చేర్చినచో, ప్రేగుల గోడలు దానితోపాటు ఉప్పును లోనికి తీసికొనును. ఉప్పు వెంట నీరును పోవును. కలరా రోగియందు సైతము ఈ శక్తి నశింపదు. ఢాకా, కలకత్తా నగరములలోని పరిశోధకులు 1960 తరువాతి దశాబ్దమున దీనిని నిరూపించిరి. అయినను పెక్కుమంది వైద్యులు నమ్మలేదు.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయమున లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు తరలివచ్చిరి. సరిహద్దునందలి బనగావ్‌లో కలరా చెలరేగెను. అచటి ఆసుపత్రిలో పడకలు 16 మాత్రమే, సెలైను అడుగంటుచుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉండిన మరణములు నాలుగింటికి లోపుగా తగ్గినవి.

మరి పల్లెలలోని తల్లులకు ఈ విద్య నేర్పువారెవరు? బంగ్లాదేశ్‌లో బ్రాక్ అను సంస్థ 1980లో ఆ పనికి పూనుకొనెను. కార్యకర్త్రులు ఇంటింటికి వెళ్ళి, మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు కలుపుట తల్లులచేతనే చేయించిరి. పిదప వేరొకరు పోయి తల్లులను పరీక్షించెడివారు. వారు గుర్తుంచుకొన్న దానిని బట్టియే కార్యకర్త్రికి వేతనము లభించెడిది.

అయినను ఒక చిక్కు వచ్చినది. తల్లులకు పద్ధతి తెలిసినను, దానిని వాడినవారు కొలదిమందియే. విచారింపగా, బోధించువారికే దానియందు పూర్తి నమ్మకము లేదని తేలెను. ఇంటి మగవారికి ఎవరును చెప్పనేలేదు. అంతట సంస్థవారు కార్యకర్త్రులకు శాస్త్రకారణమును విశదపరచిరి. పురుషులను సమావేశపరచి బోధించిరి. 1990 నాటికి ఈ విద్య సుమారు 1.2 కోట్ల ఇండ్లకు చేరెను.

ఆజ్ఞాపించుటవలన విజ్ఞానము ఆచరణలోనికి రాదు. బోధించువాడు కారణమెరిగి నమ్మవలెను. నేర్చుకొనువాడు స్వహస్తములతో చేసి చూడవలెను. నేర్పినవారు మరల వచ్చి, ఫలితమును పరిశీలించి, లోపమును దిద్దుకొనవలెను.

బాలబాలికలారా! నేడు మన గ్రామములలో ఆశా కార్యకర్తలవద్దను, ఆరోగ్య కేంద్రములందును ఓ.ఆర్.ఎస్. పొట్లములు లభించును. పొట్లముపై చెప్పినంత శుభ్రమైన నీటిలోనే దానిని కలుపవలెను. రోగి నీరసించినను, విరేచనములు తగ్గకున్నను వెంటనే వైద్యుని కలిసికొనవలెను. ఈ సంగతిని మీ ఇంటివారికి చెప్పుడు. ఎందుకో కూడ చెప్పుడు.