ఆలస్యం చేస్తే రైలు ఛార్జీ మోతే

బండారులంక (అమలాపురం): కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం పూర్తికాకపోవడంతో బండారులంక వాసులు హైదరాబాద్‌ రైలెక్కేందుకు రాజమహేంద్రవరం వంటి స్టేషన్లకు వెళ్లాల్సి వస్తోంది. ఆపై టిక్కెట్టు ఆలస్యంగా తీసుకుంటే భారం తప్పదు.

రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 సెప్టెంబరు 9 నుంచి ఫ్లెక్సీ ఛార్జీల విధానం అమల్లోకి వచ్చింది. ప్రతి 10 శాతం బెర్తులు నిండేకొద్దీ మూల ఛార్జీ 10 శాతం చొప్పున పెరుగుతుంది. రూ.1,000 టిక్కెట్టు రూ.1,100, ఆపై రూ.1,200 అవుతుంది. గరిష్ఠ పరిమితిని తరువాత 1.5 నుంచి 1.4 రెట్లకు తగ్గించారు. అంటే పెంపునకు కారణం ప్రయాణ తేదీ కాదు, నిండిన బెర్తులే.

2023 జనవరిలో ప్రారంభమైన సికింద్రాబాద్‌-విశాఖ వందేభారత్‌కు ఈ విధానం లేదు. అయితే సీట్లు నిండితే ముందురోజు తత్కాల్‌కు అదనంగా చెల్లించాలి. రిజర్వేషన్లు 60 రోజుల ముందే ప్రారంభమవుతాయి కనుక పండుగ ప్రయాణికులు అప్పుడే టిక్కెట్లు తీసుకోవడం మేలు.